వాన వెలిసిన మర్నాటి తిరుమల దారులు

తిరుపతిలో ఉండే మాకు అసలైన ముసురు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలతో మొదలై, బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడల్లా ఉధృతమవుతూ డిసెంబరు దాకా సాగుతుంది. ఆ రోజుల్లో కొండకు రాదలచిన బంధువులు ఫోన్ చేసి "అక్కడ వాన పడుతోందా?" అని అడుగుతారు, లేదనగానే స్థిమితపడతారు. నిన్నా మొన్నా పడిందా అని కూడా అడగాలని నేనంటాను.

ఘాట్ రోడ్డు వెంట నిలువునా లేచిన శేషాచలం కొండచరియలు చాలావరకు క్వార్ట్‌జైట్ రాయివి. రాయి గట్టిదే కానీ దాని నిండా పగుళ్లుంటాయి. వాటిలోకి దిగిన నీరు సందుల్లోని మట్టిని మెల్లగా కడిగేస్తుంది కనుక, పట్టు తప్పిన బండ వాన కురుస్తున్నప్పుడే పడాలని లేదు, ఎండ కాసిన తరువాతా దొర్లవచ్చు. 2021 నవంబరు భారీ వర్షాలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. ఆ వానల వెనుకే, డిసెంబరు 1న, ఎగువ ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడ్డాయి. అందుకే చరియ కింద బండి ఆపి ఫొటోలు దిగేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నడకదారి సంగతి వేరు. అలిపిరి దారికి చాలాచోట్ల పైకప్పు ఉన్నా, ఈదురుగాలికి జల్లు లోపలికి కొడుతుంది. మెట్టుమెట్టుకూ పసుపు, కుంకుమ అద్ది కర్పూరం వెలిగించే మొక్కు ఎందరికో ఉంటుంది. తడి తగిలితే ఆ పసుపు మెత్తని ముద్దగా మారి, కర్పూరపు జిడ్డుతో కలిసి, నున్నగా అరిగిన రాతిమీద పాచికన్నా ఎక్కువగా జారుతుంది. భక్తులు పసుపు పెట్టేది ఎక్కువగా మెట్టు నిలువు ముఖానికీ అంచుకూ కనుక, ఎక్కేటప్పుడు పాదం లోపలికంటా మోపితే సరిపోతుంది. దిగేటప్పుడు మాత్రం పాదం ముందు భాగం సరిగ్గా ఆ అంచు మీదే పడుతుంది. ఆ దారిలో నిటారు మెట్లుండే మోకాళ్ల పర్వతం దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది.

దిగువకు వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, మలుపులు ఒంపు తిరిగి ఉంటాయి. ఎండిన రోడ్డుపై పేరుకున్న ఆయిలు, దుమ్ము తొలి చినుకులకు పైకి తేలి పలచని పొరగా పరుచుకుంటాయి. జడివాన వాటిని కడిగేస్తుంది, కాబట్టి సన్నని తుంపరే ద్విచక్ర వాహనాలకు ఎక్కువ ప్రమాదం. మలుపులో వాలి ఉండగా బ్రేకు నొక్కితే, ముఖ్యంగా తెల్లగీత మీద, చక్రం పట్టు వదిలేస్తుంది. వేగమేదో మలుపుకు ముందే తగ్గించుకోవాలి. కార్లవారు న్యూట్రల్‌లో దిగడం ఎంత దూరపు పొదుపో నాకు అర్థం కాదు. రెండో గేరులో ఇంజను బిగువుతో దిగితే బ్రేకులు వేడెక్కవు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న దేవస్థానం నిబంధనను విసుక్కునేవారు, పొగమంచు కమ్మిన ఉదయం ఆ సమయం కూడా చాలదని గ్రహించాలి.

మా ఇంట్లో దిగే పెద్దవారు ముసురు రోజుల్లో నడిచి ఎక్కుతామంటే సరేనంటాను. తిరుగు ప్రయాణం మాత్రం బస్సులోనే, ముందు సీట్లో.