పచ్చ బీటిల్‌ని ఎన్నిసార్లు దాటారు?

ఆదివారం, మధ్యాహ్నం

బయట ఎండ, ఇంట్లో ఫ్యాను చప్పుడు, టీవీలో 1968 నాటి 'బులిట్'. డైరెక్షను పీటర్ యేట్స్, హీరో స్టీవ్ మెక్వీన్, ఊరు శాన్‌ఫ్రాన్సిస్కో. కథ అంత గొప్పదేం కాదు; సగం దాకా ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపాడో తేలదు. జనం ఇన్నేళ్లుగా గుర్తుపెట్టుకున్నది మధ్యలో వచ్చే దాదాపు 11 నిమిషాల కారు ఛేజింగునే.

అందులో అసలు పనితనమంతా స్పీడు అందుకోకముందే ఉంది. నల్ల డాడ్జ్ చార్జర్‌లో ఇద్దరు కిరాయి హంతకులు, ముందు మెక్వీన్ కారు, మస్టాంగ్. చూస్తుండగా మస్టాంగ్ మాయం. వీళ్లు నింపాదిగా వీధులు వెతుక్కుంటూ పోతుంటే, వెనకద్దంలో అదే బండి గట్టెక్కి పైకి తేలుతుంది. ఎవరు ఎవరి వెంట పడ్డారో అద్దమే చెప్పేసింది, డైలాగు లేదు. అప్పుడు చార్జర్ డ్రైవరు తాపీగా సీటు బెల్టు బిగించుకుంటాడు. టైర్లు కీచుమంటాయి, లాలో షిఫ్రిన్ సంగీతం ఠక్కున ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇంజన్లూ గేర్లూ టైర్లే రీరికార్డింగు. ఇప్పటివాళ్లయితే సరిగ్గా అక్కడే డప్పులు మొదలెట్టేవాళ్లు.

తప్పులా, బోలెడు. ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని మళ్లీ మళ్లీ దాటుతుంటారు. ఒకే పరుగుని రకరకాల కోణాల్లో తీసి, ముక్కలన్నీ వాడేశారు మరి. చార్జర్‌కి చక్రాలు నాలుగే, ఊడిపడే వీల్‌క్యాపులు అంతకంటే ఎక్కువ. చివర్లో అది పెట్రోలు బంకుని గుద్దాలి. గురి తప్పి పక్కనుంచి పోయింది, పేలుడు మాత్రం టైముకి పేలింది. ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్ కత్తెరతో కప్పెట్టాడు. ఆస్కార్ కూడా ఆయనకే వచ్చింది. డూపుని పట్టుకోవాలంటే మస్టాంగ్ లోపలి అద్దం మీద కన్నేయాలి. అందులో మెక్వీన్ మొహం కనిపిస్తే తోలేది ఆయనే, అద్దం పైకి తిప్పి ఉంటే డూపు. ఒకచోట మెక్వీన్ మలుపు దాటిపోయి, టైర్లు పొగలు కక్కుతుంటే రివర్సు వస్తాడు. నిజంగా జరిగిన పొరపాటది, తీసెయ్యకుండా ఉంచేశారు. నన్నడిగితే మొత్తంలో బాగా నమ్మించే షాటు అదే.

మన 'శివ' (1989)లో చైనూ ఇంతే. సైకిల్ చైను వెనక ఫ్రేము కమ్మీని చుట్టి ఉంటుంది. పళ్లచక్రం మీంచి జారినా, లింకు విప్పకుండానో తెంపకుండానో బయటికి రాదు. నాగార్జున ఒక్క గుంజుతో లాగేస్తే హాల్లో ఈలలు పడ్డాయి గాని, లింకు సంగతి ఎవరడిగారు? అప్పటిదాకా సీనుని ఓపిగ్గా బిగించుకొచ్చాడు డైరెక్టరు వర్మ.

అన్నట్టు, చార్జర్‌లో బెల్టు పెట్టుకున్న ఆ కళ్లజోడు మనిషి బిల్ హిక్‌మన్, నిజంగానే స్టంటు డ్రైవరు. 1971 'ఫ్రెంచ్ కనెక్షన్'లో న్యూయార్కు రైలు వంతెన కింద కారు ఉరికించిందీ ఆయనే. ఈసారి పారిపోయే బండి కాదు, తరిమే బండి. రాత్రికి అదే.