సలేశ్వరం దారిలో నీళ్ల ప్యాకెట్లు

నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర చైత్ర పౌర్ణమికి. ఆ కొద్ది రోజులే మనలాంటి వాళ్లను అంత లోపలికి పోనిస్తారు. మిగతా ఏడాదంతా ఆ దారి పులులదీ, ఎలుగుబంట్లదీ, అక్కడి పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో బతికే చెంచులదీ. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డులో మన్ననూరు దాటాక ఫరహాబాద్ గేటు వస్తుంది. అక్కడ తారు రోడ్డు వదిలి అడవిలోకి మళ్లాలి. ఇదంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,611 చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం విడిపోకముందు నాగార్జునసాగర్‌-శ్రీశైలం అభయారణ్యంలో భాగంగా ఉండేది.

మేం వెళ్లేసరికి గేటు దగ్గర వాహనాలు బారులు తీరి ఉన్నాయి. అటవీ సిబ్బంది ఒక్కో బండినీ ఆపి, సంచులు విప్పించి, ప్లాస్టిక్ సీసాలు, క్యారీ బ్యాగులు, గుట్కా పొట్లాలు ఏరి పక్కన గోనె సంచుల్లో వేస్తున్నారు. మా ముందు జీపులో ఒకాయనకు కోపం వచ్చింది. "దేవుడి దగ్గరికి పోతుంటే ఈ సోదాలేమిటి? ఒక్క సీసాకే అడవి పాడైపోతుందా?" అని గట్టిగా అడిగాడు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ గార్డుకు. "మీ వెనక ఎన్ని బండ్లున్నాయో ఒకసారి చూడన్నా" అన్నాడు. ఆయన తిరిగి చూశాడు. సీసా ఇచ్చేశాడు. ఆ ఎండలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే మాట, అదే ఓపికతో చెప్పడం మామూలు విషయం కాదు. అయినా చీర మడతల్లో, సీట్ల కింద, పూజ సామాను అడుగున దాచుకుని లోపలికి తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు.

గేటు దాటాక మట్టి రోడ్డు. గతుకులు, ముఖం మీద ఎర్రటి దుమ్ము. రాంపూర్ పెంట దగ్గర బండ్లు ఆగిపోతాయి. అక్కడి నుంచి నడకే. చైత్రంలో నల్లమల ఆకు రాల్చి నిలబడి ఉంటుంది. ఇప్పచెట్ల కింద మాత్రం పూలు రాలి తియ్యటి వాసన. ఎలుగుబంట్లకు ఆ పూలంటే మహా ఇష్టమని, తెల్లవారుజామున వచ్చి తినిపోతాయని మాతో నడిచిన చెంచు కుర్రవాడు చెప్పాడు. "వస్తున్నాం లింగమయ్యా" అని కిందికి దిగేవాళ్లూ, "పోయొస్తాం లింగమయ్యా" అని పైకి ఎక్కేవాళ్లూ ఆ ఇరుకు దారిలో ఒకరికొకరు జరిగి చోటిచ్చుకుంటారు. ఎవరూ ఎవరికీ తెలియకపోయినా చెయ్యి అందిస్తారు. నాకు ఈ జాతరలో అన్నింటికన్నా నచ్చేది అదే.

ఆ దారి పక్కనే ఒక ఇప్పచెట్టు కింద చూశాను. మిక్చర్ పొట్లం, వెండి రంగు లోపలికి కనపడేలా చీరి ఉంది. ఒక అంచు పంటితో చింపినట్టు తిన్నగా తెగింది. ఇంకో అంచు నమిలి నమిలి వదిలేసినట్టు ముద్దగా ఉంది, దాని మీద ఇంకా తడి. పైన కొమ్మల్లో కొండముచ్చుల గుంపు. "చింపింది అవే, నమిలింది దుప్పి" అన్నాడు కుర్రవాడు, నేల మీది గిట్టల గుర్తులు చూపిస్తూ.

కొండముచ్చులు చెట్టు మీద మేస్తూ సగం తిన్న కొమ్మలూ కాయలూ కిందికి విదిలిస్తుంటాయి. దుప్పులు వాటి కింద చేరి అవి తింటాయి. పైన ఉన్నవాటికి పులి ముందుగా కనపడుతుంది, అరుస్తాయి, కిందివి పరుగెడతాయి. ఎన్నాళ్ల నుంచో నడుస్తున్న స్నేహం అది. ఇప్పుడు మన పొట్లాలు కూడా ఆ స్నేహం దారినే దుప్పి నోటికి చేరుతున్నాయి. పైగా మేసే జంతువులకు ఉప్పంటే ప్రాణం. చవుడు నేలలు వెతుక్కుంటూ వెళ్లి మరీ నాకుతాయి. పొట్లానికి అంటుకున్న ఉప్పును అవెలా వదులుతాయి? నెమరువేసే జంతువు మింగిన కవరు మొదటి పొట్టలోనే ఉండిపోతుంది. అరగదు, బయటికీ పోదు. ఒకదానికొకటి చుట్టుకుని ఉండలు కడుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది, మేత దిగదు. ఊళ్లలో ఆవుల పొట్ట కోసి కిలోల కొద్దీ కవర్లు తీసే పశువైద్యులు ఉన్నారు. అడవిలో దుప్పికి, కణితికి ఆ వైద్యుడు లేడు. పులి బతికేది వీటి మీదే.

లోయలోకి దిగాక ఎండ తగ్గుతుంది. ఎత్తయిన రాతి గోడల మధ్య నీళ్లు పై నుంచి గుండంలోకి పడుతుంటాయి. ఆ చల్లదనం ఒంటికి తగలగానే నడిచిన అలసటంతా పోయింది. గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. దర్శనం చేసుకుని ఒక బండ మీద కూర్చున్నప్పుడు కనపడింది, రాళ్ల సందుల్లోంచి ఇనుప తీగ కొక్కెంతో ఒకావిడ ఏదో లాగుతోంది. నీళ్ల ప్యాకెట్లు. మూల కొరికి, తాగి, పిండి పారేసినవి. తడిసి రాతికి అతుక్కుపోయాయి. లాగితే సగం వస్తోంది, సగం లోపలే తెగుతోంది. తెగిన ముక్కను మళ్లీ వేలితో గీకి తీస్తోంది. నేనూ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికే గోళ్లు నొప్పి పెట్టాయి. "వానకు ముందే తీయాలయ్యా, వాగు వస్తే ఇక దొరకవు" అంది. ఈ వాగుల నీళ్లన్నీ చివరికి చేరేది కృష్ణలోకే.

ఏరుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. చేతికి వస్తున్నవాటిలో చిప్స్ పొట్లాలు కొన్నే, సీసాలు ఇంకా తక్కువ. ఎక్కువ భాగం నీళ్ల ప్యాకెట్లే. అవి జనం ఇళ్ల నుంచి తెచ్చుకున్నవి కావు. దారి పొడవునా దాతలు పుణ్యానికి పంచుతున్నవి. గేటు దగ్గర ఒక్కో సీసా లాక్కుంటుంటే, లోపల బస్తాల కొద్దీ దానం జరిగిపోతోంది. చట్టం కూడా దీన్ని పట్టుకోలేదు. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన వస్తువుల్లో ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి. నీళ్ల ప్యాకెట్ లేదు. దాహం వేసినవాడికి నీళ్లు ఇచ్చేవారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ప్యాకెట్ దాహం తీర్చేది ఒక్క నిమిషం, రాళ్లలో ఉండేది వందల ఏళ్లు.

తిరిగి ఎక్కుతుంటే దారిలో ఒక మలుపు దగ్గర నేల శుభ్రంగా కనపడింది. ఒక్క ప్యాకెట్ లేదు. చూస్తే తాటాకు పందిరి కింద ఇసుకలో దించిన కుండలు, మూతల మీద తడి గుడ్డలు, పొడవాటి కాడ ఉన్న గరిటె, స్టీలు గ్లాసులు. చలివేంద్రం. ఇద్దరు ఆడపిల్లలు పోస్తున్నారు, జనం అక్కడే నిలబడి తాగి గ్లాసు ఇచ్చి వెళ్తున్నారు. తెచ్చుకున్న చెంబుల్లో, స్టీలు సీసాల్లో నింపుకుంటున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, పారేయడానికి చేతిలో ఏమీ మిగలడం లేదు మరి. వేసవిలో వీధి వీధినా చలివేంద్రం పెట్టడం మనకు తాతల నాటి అలవాటు. అడవిలో మాత్రం ఎందుకు మర్చిపోయాం?

ఇంత జనానికి అది కుదరదనేవాళ్లు తిరుమల చూడాలి. రోజుకు 60 వేల మందికి పైగా వచ్చే కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపారు. లడ్డూలకు, మట్టిలో కలిసిపోయే సంచులు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తయారు చేసి ఇస్తే 2021లో అమ్మకం మొదలుపెట్టారు. ఏడాదంతా జరిగే చోట వీలైనది, ఏడాదికి నాలుగు రోజులు జరిగే చోట వీలు కాకుండా పోదు.

పెంట దగ్గర అన్నదాన శిబిరం నడుపుతున్న పెద్దాయనతో మాట్లాడాను. అన్నం మోదుగాకు విస్తళ్లలోనే పెడుతున్నారు. నీళ్లు మాత్రం ప్యాకెట్లు. లోయలో ఏరిన సంచి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "మేం పంచినవేనా ఇవన్నీ?" అని అడిగారు. పేరు ముద్ర చూసుకుని ఆయనే తలూపారు. "కుండలు అయితే మోసుకొచ్చేదెవరు బాబూ, కడిగేదెవరు?" అన్నారు తర్వాత. వంటకు ఎలాగూ ట్యాంకరు వస్తోంది కదా, తాగే నీళ్లకు ఇంకో ట్యాంకరు చెప్పండి, కుండలూ గ్లాసులూ కడిగే మనుషులూ మా వంతు అన్నాను. పెంటల్లోని చెంచు కుటుంబాలకే కూలి ఇచ్చి ఆ పని అప్పజెబుదామని ఆయన అన్నారు. నాకూ అదే సబబనిపించింది. ఆ దారిలో ఎక్కడెక్కడ దాహం ఎక్కువవుతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

మాఘం దాటగానే ఇద్దరం కలిసి అచ్చంపేటలో కుమ్మరుల దగ్గరికి వెళ్తున్నాం. ముందే చెప్పి ఉంచకపోతే ఉగాది నాటికి అన్ని కుండలు దొరకవట.