స్లాక్ నుంచి జూలిప్‌కి మారాక

మా టీమ్ చాట్ స్లాక్ నుంచి జూలిప్‌కి మారిపోయింది. స్లాక్ ఉచిత ప్లాన్‌లో 2022 సెప్టెంబర్ నుంచి చివరి 90 రోజుల మెసేజీలే కనిపిస్తాయి. ఒక నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఏడాది తర్వాత కూడా వెతుక్కోవాల్సిన పని మాది. అందుకే మారాం.

డేటా తరలింపు పెద్ద కష్టం కాలేదు. స్లాక్ నుంచి దించుకున్న ఎక్స్‌పోర్ట్ జిప్‌లో ఒక్కో చానెల్‌కి (అంటే చర్చ జరిగే గదికి) ఒక ఫోల్డరు, అందులో రోజుకో జేసన్ ఫైలు (డేటాను అక్షరాల రూపంలో దాచే ఫైలు). దాన్ని జూలిప్ నేరుగా తీసుకుంటుంది. మేం ముచ్చటపడి పెట్టుకున్న ఎమోజీలు కూడా వచ్చేశాయి! కానీ మామూలు ఎక్స్‌పోర్ట్‌లో ప్రైవేటు చానెళ్లు, ఇద్దరి మధ్య మాటలు రావు. మీరూ మారే ఆలోచనలో ఉంటే ఈ సంగతి అందరికీ ముందే చెప్పండి, కావాల్సినవి ఎవరికి వాళ్లు దాచుకుంటారు.

అసలు టెన్షన్ అంతా అలవాటు దగ్గరే. జూలిప్ చానెళ్లలో మాటలన్నీ టాపిక్‌ల వారీగా నడుస్తాయి. "రెండు ముక్కలు అడగడానికి కూడా టాపిక్ పేరు పెట్టాలా?" అని మొదట్లో చాలామంది చిరాకుపడ్డారు. వాళ్ల చిరాకులో న్యాయం ఉంది, పని మధ్యలో అదో అదనపు మెట్టు. అయితే మొన్న సెలవు నుంచి తిరిగొచ్చిన సహోద్యోగి 'సర్వర్ బ్యాకప్' టాపిక్ తెరిచి, పైనుంచి కిందిదాకా చదివి, ఎవర్నీ అడగకుండానే పని అందుకుంది. ఎక్కడ ఆగిందో, ఎవరు ఏమన్నారో అన్నీ ఒకేచోట ఉన్నాయి. అది చూసి నిజంగా చాలా సంతోషమేసింది.

బిల్డ్ అలర్ట్‌లు (సాఫ్ట్‌వేర్ తయారీ ఎలా జరిగిందో చెప్పే హెచ్చరికలు) పంపే బాట్‌లు కొన్ని ఇంకా స్లాక్‌లోని పాత వెబ్‌హుక్‌లకే (ప్రోగ్రాములు మెసేజీలు పంపే వెబ్ చిరునామాలకే) పంపుతున్నాయి. అవి కూడా మార్చేశాక స్లాక్‌లోని మా పాత వర్క్‌స్పేస్ మూసేస్తాం.