డ్రోన్ బ్యాటరీ పాడయ్యేది గాల్లో కాదు, అల్మారాలో

శనివారం ఎగరేద్దామని శుక్రవారం రాత్రే ప్యాకులన్నీ ఫుల్ ఛార్జ్ చేసి పెట్టుకుంటాం. తెల్లారేసరికి వాన. ఆ తర్వాత వేరే పనులు. బ్యాటరీలు అలాగే మూడు వారాలు బ్యాగులో ఉండిపోతాయి. తీసి ఎగరేస్తే టైమ్ తగ్గి ఉంటుంది, ప్యాక్ చేతికి కాస్త మెత్తగా తగులుతుంది. నాసిరకం బ్యాటరీ అని తయారుచేసినవాళ్లను తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు అసలు నష్టం ఆ మూడు వారాల్లోనే జరిగిపోయి ఉంటుంది.

మామూలు లైపో (లిథియం పాలిమర్) సెల్, అంటే ప్యాక్‌లోని ఒక్కో విడి బ్యాటరీ, నిండితే 4.20 వోల్టులు. ఆ వోల్టేజి దగ్గర ఊరికే కూర్చోబెట్టినా లోపల పని ఆగదు. పాజిటివ్ ఎలక్ట్రోడ్‌కి తగులుతున్న ఎలక్ట్రోలైట్ కొద్దికొద్దిగా ఆక్సీకరణ చెందుతూ ఉంటుంది, వాయువులు పుడతాయి. మనం ఉబ్బు అనేది ఆ వాయువునే. దాంతోపాటు సెల్ అంతర్గత నిరోధం పెరుగుతుంది, అందుకే థ్రాటిల్ ఇవ్వగానే వోల్టేజి కుంగిపోతుంది. వేడి తోడైతే ఇదంతా చాలా వేగంగా జరుగుతుంది. ఎండలో ఆపిన కారులో ఫుల్ ఛార్జ్ ప్యాకులు వదిలేయడం కంటే బ్యాటరీకి చెడ్డ పని ఇంకొకటి చెప్పడం కష్టం.

అలాగని ఖాళీ చేసి దాచడమూ తప్పే. సెల్ తనంతట తానే కొద్దిగా డిశ్చార్జ్ అవుతూ ఉంటుంది. 3.3 దగ్గర వదిలేసిన ప్యాక్ కొన్ని నెలల్లో ఇంకా కిందికి జారుతుంది. సుమారు 2.5 వోల్టుల కిందికి బాగా దిగిపోతే నెగెటివ్ వైపు ఉన్న రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి లోహంగా పేరుకుని లోపల్లోపలే షార్ట్ చేయగలదు. లైపో మోడ్‌లో ఛార్జర్ తీసుకోని ప్యాక్‌ని నికెల్ బ్యాటరీల మోడ్‌లో పెట్టి లేపే చిట్కా చాలామంది చెబుతారు. దయచేసి చేయకండి. ఆ బ్యాటరీని ఛార్జర్ ఒప్పుకోకపోవడానికి సరైన కారణమే ఉంది.

దాచడానికి మంచి వోల్టేజి ఒక్కో సెల్‌కి 3.80 నుంచి 3.85. అంటే 4ఎస్ (నాలుగు సెల్స్ వరసగా కలిపిన) ప్యాక్‌కి 15.2 నుంచి 15.4, 6ఎస్‌కి 22.8 నుంచి 23.1 వోల్టులు. రెండు మూడు రోజుల్లో ఎగరేసే పని లేదంటే స్టోరేజికి దించేయడమే. ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ ఎంచుకుంటే పైనున్న ప్యాక్‌ని దించుతుంది, కిందున్నదాన్ని ఎక్కిస్తుంది. ఎక్కించడం చిటికెలో పని, దించడమే ఆలస్యం. 6ఎస్ 1500 ఎంఏహెచ్ ప్యాక్‌లో సుమారు 33 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. స్టోరేజికి దించాలంటే అందులో దాదాపు సగం ఖర్చు చేయాలి. ఛార్జర్ డిశ్చార్జ్ సామర్థ్యం 15 వాట్లే అయితే ఒక్క ప్యాక్‌కే గంట పైన పడుతుంది. నాలుగైదు ప్యాకులు ఉన్నవాళ్లకి విడిగా డిశ్చార్జర్ కొనుక్కోవడమో, కొన్ని నిమిషాలు హోవర్ చేసి (గాల్లో ఒకే చోట నిలిపి) దించుకోవడమో నయం. అన్నిటికంటే మంచిది, ఎగరేసే రోజు ఉదయమే ఛార్జ్ చేసుకోవడం.

కెమెరా డ్రోన్లలో వచ్చే స్మార్ట్ బ్యాటరీలు కొన్ని రోజులు వాడకపోతే చాలావరకు తమంతట తామే దిగిపోతాయి. ఆ సమయంలో కాస్త వెచ్చగా తగలడం మామూలే. అయితే వాటినీ మర్చిపోకూడదు. లోపలి సర్క్యూట్ కూడా కొంత కరెంటు తింటుంది కాబట్టి మూడు నెలలకోసారి తీసి చూసి, అవసరమైతే ఛార్జ్ చేయాలి. బాగా దిగిపోయిన కొన్ని మోడళ్లు నిద్రావస్థలోకి వెళ్తాయి, ఛార్జర్‌కి పెడితేగానీ లేవవు.

ప్యాక్‌ని నెమ్మదిగా చంపే ఇంకో అలవాటు, వోల్టేజ్ చెకర్‌ని బ్యాలెన్స్ లీడ్‌కి (ఒక్కో సెల్‌కి విడిగా వెళ్లే సన్నటి వైర్ల కనెక్టర్‌కి) తగిలించి మర్చిపోవడం. అది తీసుకునే కరెంటు తక్కువే. కానీ చాలా చెకర్లు అన్ని సెల్స్ నుంచీ సమానంగా తీసుకోవు. వారం తర్వాత చూస్తే ఒకటి రెండు సెల్స్ మాత్రమే దిగిపోయి ఉంటాయి. ప్యాక్‌ని డ్రోన్‌కి తగిలించి వదిలేస్తే మొత్తం ప్యాకే పోతుంది.

దాచే చోటు పొడిగా, 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే చాలు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరం లేదు, బయటికి తీయగానే తేమ పడుతుంది. కనెక్టర్లకి మూతలు పెట్టండి. ఇనప పెట్టె వాడేవాళ్లు మూతకున్న రబ్బరు సీల్ తీసేయాలి. లోపల సెల్ పేలితే వచ్చే వాయువుకి దారి లేకపోతే ఆ పెట్టే బాంబవుతుంది. లైపో బ్యాగు మంటను కొంత అదుపులో పెడుతుందే తప్ప పొగను ఆపదు. దాన్ని నమ్మి పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయొద్దు.

ఇక ఛార్జింగ్. డ్రోన్ నేలకి దిగిన వెంటనే పెట్టకూడదు, ప్యాక్ చేతికి మామూలుగా తగిలేదాకా ఆగాలి. మరీ చల్లగా, అంటే 5 డిగ్రీల లోపున్నా పెట్టకూడదు. అప్పుడు లిథియం, ఎలక్ట్రోడ్ లోపలికి వెళ్లకుండా పైనే లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టాన్ని తిరిగి పూడ్చలేం. కరెంటు 1సీ, అంటే ప్యాక్ సామర్థ్యానికి ఒక రెట్టు, 1500 ఎంఏహెచ్‌కి 1.5 ఆంపియర్లు. లేబుల్ మీద 5సీ అని రాసినా తొందర లేనప్పుడు 1సీ దాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మోడ్ రెండుసార్లు చూసుకోండి. లైహెచ్‌వీ (ఎక్కువ వోల్టేజి తట్టుకునే లైపో రకం) మోడ్ సెల్‌ని 4.35 దాకా తీసుకెళ్తుంది, మామూలు లైపోకి అది ప్రమాదం. సెల్స్ సంఖ్య కూడా చూడాలి. 3.4 వోల్టులకి దిగిన 6ఎస్ ప్యాక్ మొత్తం 20.4, నిండిన 5ఎస్ 21.0. బ్యాలెన్స్ లీడ్ పెట్టకపోతే ఛార్జర్‌కి తేడా తెలియదు. ఎప్పుడూ అన్ని సెల్స్‌నీ సమానంగా నింపే బ్యాలెన్స్ మోడ్‌లోనే ఛార్జ్ చేయాలి.

ఛార్జర్ తెర మీద సెల్ వోల్టేజీలు చదవడం అలవాటైతే ప్యాక్ ఆరోగ్యం ముందే తెలిసిపోతుంది. 6ఎస్ ప్యాక్‌లో ఐదు సెల్స్ 4.20 చేరుకుని, నాలుగో నంబరుది మాత్రం 4.09 దగ్గర వెనకబడి ఉందనుకోండి. బ్యాలెన్స్ చేసి ముగించాక అన్నీ కలిస్తే పరవాలేదు. రెండు రోజులు పక్కన పెట్టి చూస్తే అదే సెల్ మళ్లీ దిగి ఉందా, దానిలోని ఛార్జ్ సొంతంగా కారిపోతోందన్నమాట. ఆ ప్యాక్‌ని ఇక ఎగరేయొద్దు. సెల్ నిరోధం చూపించే ఛార్జర్ ఉంటే కొత్తగా ఉన్నప్పటి అంకెలు ప్యాక్ మీదే రాసి పెట్టుకోండి. కొలిచేటప్పుడు ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉండాలి, చల్లని ప్యాక్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

ప్యారలల్ బోర్డు (చాలా ప్యాకుల్ని ఒకే ఛార్జర్‌కి కలిపే పలక) మీద ఛార్జ్ చేసేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. ఒక 6ఎస్ ప్యాక్ నిండుగా 4.20 దగ్గర, ఇంకొకటి 3.60 దగ్గర ఉన్నాయి. మొత్తం తేడా 3.6 వోల్టులు. రెండు ప్యాకులు, వైర్లు కలిపి నిరోధం 60 మిల్లీ ఓములు అనుకుంటే, తగిలించిన క్షణంలో నిండు ప్యాక్ నుంచి ఖాళీ ప్యాక్‌లోకి 60 ఆంపియర్లు దూకుతాయి. ఛార్జర్ ఇంకా ఆన్ కూడా చేయలేదు. 1.5 ఆంపియర్లతో ఛార్జ్ చేయాల్సిన ప్యాక్ అది. బ్యాలెన్స్ లీడ్ ముందు పెడితే ఆ కరెంటంతా సన్నటి వైర్ల గుండా పోయి వాటిని కాల్చేస్తుంది. అందుకే సెల్స్ సంఖ్య అన్నిటికీ ఒకటే ఉండాలి, సెల్‌కి 0.1 వోల్టు మించి తేడా ఉండకూడదు, మెయిన్ కనెక్టర్లు ముందు, కొన్ని నిమిషాలాగి బ్యాలెన్స్ లీడ్లు తర్వాత. ఫ్యూజులున్న బోర్డే కొనండి. నాలుగు 1500 ప్యాకులైతే కరెంటు 6 ఆంపియర్లు, చివర్లో అది దాదాపు 150 వాట్లు. పవర్ సప్లయ్ అంత ఇవ్వగలగాలి. ఉబ్బినదాన్నీ అనుమానమున్నదాన్నీ బోర్డు మీదికి రానివ్వకండి.

గచ్చు మీదో టైల్స్ మీదో, చుట్టూ అంటుకునేవి లేకుండా, బయటికి వెళ్లే దారికి అడ్డం కాకుండా పెట్టుకోవాలి. నిద్రపోతూ, ఇంట్లో లేకుండా ఛార్జ్ చేయొద్దు. ప్యాక్ ఉబ్బడం, తియ్యటి ద్రావకం వాసన, బుసకొట్టే శబ్దం, వీటిలో ఏది కనిపించినా గోడ దగ్గరి స్విచ్ ఆపి దూరం జరగాలి. మంట మొదలైతే ప్యాక్‌ని చేత్తో ఎత్తుకుని పరిగెత్తొద్దు. పౌడర్ సిలిండర్ పైమంట ఆర్పుతుంది కానీ సెల్ లోపలి వేడిని తగ్గించలేదు, మళ్లీ రగులుతుంది. చల్లార్చేది ధారాళంగా పోసే నీళ్లే. ఇసుక మంట పక్కకి పాకకుండా ఆపుతుంది. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, పీల్చకూడదు. అదుపు తప్పుతోందనిపిస్తే తలుపు మూసి బయటికొచ్చి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి.

క్రాష్‌లో మూల నొక్కుకుపోయిన ప్యాక్ అప్పటికప్పుడు బాగానే ఉన్నట్టు కనిపించి గంటల తర్వాత అంటుకోవచ్చు. దాన్ని ఇంట్లోకి తేకుండా ఆరుబయట ఇటుకల మీద ఉంచండి, ఆ రోజు ఛార్జ్ చేయొద్దు. ప్యాక్ పైరేకు చిరిగినా, తీపి వాసన వచ్చినా ఇక దాని పని అయిపోయినట్టే.

పారేసే ముందు పూర్తిగా ఖాళీ చేయాలి. ఉప్పునీళ్లలో ముంచితే కనెక్టర్ లోహం ముందే తుప్పు పట్టిపోయి లోపల ఛార్జ్ మిగిలిపోతుంది. కారు హెడ్‌లైట్ బల్బు నమ్మకమైన పద్ధతి. 3ఎస్‌కి 12 వోల్టుల బల్బు ఒకటి, 6ఎస్‌కి ఒకే వాటేజీ ఉన్నవి రెండు సిరీస్‌లో. ఆరుబయట, దగ్గరుండి చేయాలి, బల్బు గాజు మండిపోతుంది కాబట్టి ప్లాస్టిక్‌కి తగలనివ్వొద్దు. వెలుగు పోయాక కూడా రోజంతా అలాగే ఉంచి, మీటర్‌తో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకుని, వైర్లు ఒక్కొక్కటిగా కత్తిరించి చివరలకి టేపు చుట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి. రెండు వైర్లూ ఒకే కత్తెర వేటుకి కోయకండి, కత్తెరే షార్ట్ చేస్తుంది.