క్రాసింగ్ నెలల్లో మా ఐదో తరగతి

జూలైలో భాగహారం చకచకా చేసిన పిల్ల, దసరా సెలవులయ్యాక బోర్డు ముందు నిలబడి 96ను 4తో భాగించలేకపోయింది. తొమ్మిదిలో నాలుగు రెండుసార్లు పోతుందని చెప్పింది. 8 తీసేసింది. మిగిలిన 1 పక్కన 6 దించాలన్న సంగతి గుర్తుకు రాలేదు. సుద్దముక్క పట్టుకున్న చేతి బొటనవేలు చూశాను. గోరు పక్కన చర్మం చీలి ఉంది.

ఆ వేలు నాకు తెలుసు. మా గద్వాల వైపు సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనాల కోసం పెంచే పత్తి, వేస్తారు. సాయంత్రం ఆడ మొక్కల దగ్గరికి పోయి, మర్నాడు విచ్చుకునే మొగ్గల్ని ఏరి, గోటితో రేకులు, కేసరాలు గిల్లేయాలి. పొద్దున్నే మగ పూలు తెంపి వాటి మీద రుద్దాలి. ఇదే క్రాసింగ్. పూత ఉన్నన్నాళ్లు ఒక్కో పూవుకూ మనిషి చెయ్యి తగలాల్సిందే. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆరో తరగతిలో నేనూ రెండు నెలలు పోయాను. తిరిగొచ్చేసరికి బడిలో భిన్నాలు అయిపోయాయి. టీచర్ కోర్సు డీఎడ్‌లో చేరాక వాటిని మొదటి నుంచి నేర్చుకున్నాను.

అందుకే యంగ్ లైవ్స్ పరిశోధన గురించి చదివినప్పుడు వదల్లేకపోయాను. పిల్లలు ఎలా ఎదుగుతున్నారో ఏళ్ల తరబడి చూసిన ఈ పరిశోధన 2002లో నాలుగు దేశాల్లో మొదలైంది; తర్వాత దాన్ని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపింది. మన దేశంలో దాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే చేశారు. మా పాత మహబూబ్‌నగర్ జిల్లా కూడా అందులో ఉంది. ఏడాది వయసు పిల్లలు సుమారు 2,000 మంది, ఎనిమిదేళ్ల వాళ్లు 1,000 మంది. 2006, 2009, 2013, 2016లో మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వెళ్లారు. ఒక మాట చెప్పి, నాలుగు బొమ్మల్లో దానికి తగినది చూపించమనేవారు. లెక్కలు అడిగేవారు. ఇంట్లో ఏం తింటున్నారు, పొద్దంతా ఏ పని చేస్తున్నారు అని కూడా రాసుకునేవారు.

అందులోంచి పత్తి విత్తనాల పనికి పోయే పిల్లల మీద వర్జీనియా మారో, ఉమా వెన్నం అనే పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. పిల్లలెవరో తెలియకూడదని ఊరి పేరు మార్చారు. పేరు మార్చినా, చదువుతుంటే మా చేనుగట్టు మీద కూర్చున్నట్టే అనిపించింది.

ఆ పరిశోధనలో అదే పిల్లల్ని మళ్లీ మళ్లీ చూశారు. మా బడిలో మాత్రం పరీక్ష రోజు పిల్ల ఎంత రాస్తే అంతే లెక్క. ఆమె జూలైలో ఎక్కడుందో, మధ్యలో ఏమైందో మార్కుల పట్టీలో ఉండదు. హాజరు పట్టీలో ఆబ్సెంట్ అని ఉంటుంది, అంతే. ఇలాంటి పిల్లల్ని మొద్దు అనడం అన్యాయం. నేను కూడా మొదటి రెండేళ్లు కొందరి పేర్ల పక్కన 'వెనకబడింది' అని రాశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఒక్కో పిల్లకు రెండు పేజీలు పెట్టి నోట్‌బుక్ రాస్తున్నాను. జూన్‌లో ఏం వచ్చు, క్రాసింగ్‌కు ముందు ఏం వచ్చు, తిరిగొచ్చాక ఏం మిగిలింది. బోర్డు ముందు ఆగిపోయిన ఆ పిల్ల నాయన దగ్గరికీ పోయాను.

"చేను పూత మీదుండె మేడం, కూలోళ్లు దొరకలే. ఇగ అయిపోయింది, బిడ్డను రోజూ నేనే తోలిస్త" అన్నాడు.

తోలించాడు. పుల్లల కట్టలు పెట్టి పదులు, ఒకట్లు విడదీసి మళ్లీ చూపించాను. నాలుగో రోజు ఆమె పేజీలో ఇలా రాసుకున్నాను: 96ను 4తో చేసింది. 84ను 3తో కూడా, నేను చెప్పకుండానే. సోమవారం నుంచి భిన్నాలు.