పెన్న ఇసుకలో 21 అంగుళాల చక్రం

ముద్దనూరు దాటాక నేను పని మీద పోయే ఒక చీనీ (బత్తాయి) తోట ఉంది. రోడ్డు దిగి మట్టి దారి పట్టుకుంటే కొంత దూరానికి వంక అడ్డమొస్తుంది. ఎండాకాలం అందులో నీళ్ళుండవు, చీలమండ మునిగేంత ఇసుక ఉంటుంది. అవతలి గట్టు ఏటవాలుగా, గుండ్రాళ్ళతో ఉంటుంది. నాది డ్రిప్పు సర్వే పని. తోట కొలిచి, బోరులో నీళ్ళెన్ని వస్తున్నాయో చూసి, పైపులు ఎట్లా పోవాలో గీసిచ్చేది నేనే. తొమ్మిదేళ్ళుగా ఆ తోటకు పోయినప్పుడల్లా స్ప్లెండర్‌ను ఇవతలి గట్టున తుమ్మచెట్టు కింద ఆపి, టేపూ బ్యాగూ భుజాన వేసుకొని రెండు కిలోమీటర్లు నడిచేవాణ్ణి. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ నడక ఎట్లా ఉంటుందో కడప జిల్లా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ ఉగాదికి కొత్త బండి తీసుకోవడానికి అసలు కారణం ఆ వంకే.

తీసుకున్నది హీరో ఎక్స్‌పల్స్ 200 ఫోర్ వీ, రోడ్డు మీదే కాక మట్టిలో, రాళ్ళలో కూడా తోలడానికి చేసిన బండి. ఇట్లాంటి బండ్ల మీద మనసు ఈనాటిది కాదు. 2011లో హీరో ఇంపల్స్ వచ్చినప్పుడు నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. ఎత్తుగా, సన్నగా, మడ్‌గార్డు పైకి లేచి ఉన్న ఆ బండిని మొదటిసారి చూసినప్పుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. 2015లో బైకు రేసరు సి.ఎస్. సంతోష్ ఇసుకల్లో, రాళ్ళలో రోజుల తరబడి సాగే డాకర్ ర్యాలీ పందెం పూర్తి చేసిన మొదటి భారతీయుడైనప్పుడు ఆ వార్త కత్తిరించి బీరువాలో దాచుకున్నాను, ఇప్పటికీ ఉంది. 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది, 2021లో దానికి నాలుగు వాల్వుల ఇంజను పెట్టారు. నా చేతిలో డబ్బు కూడేసరికి ఇన్నేళ్ళు పట్టింది.

స్ప్లెండర్ బరువు 112 కిలోలు, ఇది 160కి దగ్గర. స్ప్లెండర్ కింద నేలకు 165 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే దీనికి 220. దాని చక్రాలు రెండూ 18 అంగుళాలవి. దీనికి వెనకది 18, ముందుది 21. కొనేటప్పుడు ఇవన్నీ కాగితం మీద చదివినవే. చదవడం వేరు, ఎక్కి కూర్చోవడం వేరు.

ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ బండిని పైకీ కిందికీ చూసి, "ఇంత ఎత్తేంది, నేనెట్లా ఎక్కాల?" అంది. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. నేను 5 అడుగుల 5 అంగుళాలు. రెండు కాళ్ళూ నేలకు ఆనిద్దామంటే వేళ్ళ కొసలే తగిలాయి. సిగ్నల్ దగ్గర ఆగాలంటే మొదటి రెండు రోజులూ టెన్షనే. మూడో రోజుకు అర్థమైంది, రెండు కాళ్ళూ ఆనించాల్సిన పనే లేదు. ఆగేటప్పుడు సీటు మీద కొంచెం ఎడమకు జరిగితే ఎడమ పాదం మొత్తం నేలకు ఆనుతుంది, కుడి కాలు వెనక బ్రేకు మీదే ఉంటుంది. అయితే ఆగబోయే ముందు నేల ఎటు వాలుగా ఉందో చూసుకోవాలి. ఎడమ పక్క పల్లమైతే పాదం అందదు, బండి అటే ఒరుగుతుంది. పొట్టివాళ్ళు ఈ బండి తోలలేరని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. మా ఆవిడ కూడా ఇప్పుడు అరుగు పక్కన ఆపమని, అరుగు మీద నుంచి ఎక్కుతోంది.

రోడ్డు మీద మొదటి రోజే తెలిసిన తేడా స్ప్రింగులది. జమ్మలమడుగు రోడ్డులో ఒక స్పీడు బ్రేకర్ దగ్గర అలవాటు కొద్దీ గేరు తగ్గించి నడుము బిగించుకున్నాను. దెబ్బ రాలేదు. ముందు ఫోర్కు దిగింది, లేచింది, అంతే. ముందు 190, వెనక 170 మిల్లీమీటర్లు కదిలే సస్పెన్షన్ అది. దానితోపాటే ఇంకొకటి కూడా ఉంది. గట్టిగా బ్రేకు వేస్తే బండి ముక్కు బాగా కిందికి వంగుతుంది. స్ప్లెండర్ నుంచి వచ్చినవాళ్ళకు అది మొదట్లో భయంగానే ఉంటుంది. హైవే మీద 80 దాకా హాయిగా పోతుంది. 90 దాటితే ఇంజను కష్టపడుతున్నట్టు తెలుస్తుంది, నేను అంత వేగం పోనూ పోను.

మొదటి 500 కిలోమీటర్లు ఇంజను కుదురుకోవాలి గనక గట్టిగా తోలలేదు, మట్టిలోకి దించలేదు. మొదటి సర్వీసులో ఆయిల్ మార్చి, చైను సరిచేసి, స్పోకులు చూశారు. కొత్త చక్రానికి స్పోకులు కొంచెం వదులవుతాయట. స్పానరుతో ఒక్కో స్పోకును తడితే బిగువుగా ఉన్నది కంగుమంటుంది, వదులైంది చప్పగా మోగుతుంది. మెకానిక్ చక్రం తిప్పుతూ అన్నీ తట్టి వినిపించాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఆ పని నేనే చేసుకుంటున్నాను.

ఏప్రిల్ మూడో వారంలో పెన్నలోకి దిగాం. మా బామ్మర్ది ట్రాక్టరు తోలతాడు, ఏటి ఇసుక వాడికి కొట్టిన పిండి. తెల్లవారి ఐదున్నరకే ప్రొద్దుటూరు పక్కన ఒడ్డు దిగాం. ఆ నెలలో పెన్న పేరుకే ఏరు. ఎటు చూసినా ఇసుక, ఒడ్డున సర్కారు తుమ్మ. నేను నేరుగా దించబోతుంటే వాడు ఆపాడు.

"బావా, ముందు గాలి తియ్యి. రోడ్డు మీది గాలితో దిగితే టైరు కత్తి మాదిరి ఇసకలోకి దిగబడతాది."

చిన్న మీటరు పెట్టి ముందు 18 పీఎస్‌ఐకి, వెనక 20కి తగ్గించాను. గాలి తగ్గితే టైరు కింద వెడల్పవుతుంది, బరువు ఒకచోటే పడకుండా ఎక్కువ మేర ఇసుక మీద పరుచుకుంటుంది. ట్రాక్టరు వాళ్ళకు ఇది రోజూ చేసే పని. నాకు అప్పుడే తెలిసింది.

మొదటిసారి, రోడ్డు మీద నేర్చుకున్నదంతా చేశాను. మొదటి గేరు, నిదానం, రెండు కాళ్ళూ కిందికి జార్చి, హ్యాండిలు గట్టిగా పట్టుకొని, ముందు చక్రాన్నే చూస్తూ. పది మీటర్లు పోయానేమో, చక్రం కుడికి లాగింది. భయంతో ముందు బ్రేకు పట్టేశాను. చక్రం అడ్డం తిరిగి ఇసుకలోకి దిగిపోయింది. బండి కుడి పక్కకు పడింది, నేను దాని ముందు మోకాళ్ళ మీద పడ్డాను. మెత్తటి ఇసుక కాబట్టి ఏమీ కాలేదు. అయినా హెల్మెట్టు, మందపాటి బూట్లు లేకుండా దిగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పడిన బండిని లేపడానికి కూడా ఒక పద్ధతుంది. చేతులతో గుంజితే నడుం పడుతుంది. బామ్మర్ది కీ ఆపించి, బండి జారకుండా గేరులో ఉంచమన్నాడు. కుడి పక్కకు పడింది కాబట్టి పైకి తేలి ఉన్న సైడ్ స్టాండును ముందే తెరిచి పెట్టించాడు. లేకపోతే లేపిన ఊపులో బండి అటు పక్కకు పడిపోతుంది. తర్వాత బండికి వీపు ఆనించి గొంతుకూర్చుని, ఒక చేత్తో హ్యాండిలు చివర, ఇంకో చేత్తో సీటు వెనక కమ్మీ పట్టుకొని, కాళ్ళ బలంతో వెనక్కి నడుస్తూ లేవాలి. 160 కిలోల బండి నేనొక్కణ్ణే లేపానంటే నాకే నమ్మకం కలగలేదు.

రెండోసారి వాడు ఒక్కటే చెప్పాడు. "ఇసకను చూడొద్దు బావా, అదో, ఆ తుమ్మచెట్టును చూసుకుంటా రా. బ్రేకు జోలికి పోవద్దు."

ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళతో ట్యాంకు పట్టుకొని, బరువు కొంచెం వెనక్కి వేసి రెండో గేరులో కదిలాను. యాక్సిలరేటరు ఒకేలా పట్టుకున్నాను. ముందు చక్రం ఈత కొడుతున్నట్టు అటూ ఇటూ కదిలింది. చేతులు దాన్ని ఆపాలని చూస్తాయి, ఆపకూడదు. హ్యాండిలును వేళ్ళతో పట్టుకొని, కదలనిస్తే చక్రమే దారి వెతుక్కుంటుంది. అటూ ఇటూ ఊగేటప్పుడు వేగం తగ్గించాలనిపిస్తుంది, కానీ తగ్గించేకొద్దీ ఇసుకలోకి దిగుతుంది. కొంచెం ఎక్కువిస్తే ముందు భాగం తేలికై తిన్నగా వస్తుంది. చెట్టు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ముందు చక్రం గీత పాము పాకినట్టు వంకరటింకరగా ఉంది, వెనక చక్రం గీత దాన్ని కోసుకుంటూ తిన్నగా వచ్చింది. పెద్ద చక్రం ఎందుకు పెడతారో ఆ గీతలు చూస్తే తెలిసింది. చక్రం పెద్దదైతే గుంతలోకి దిగేది తక్కువ, రాయి వచ్చినా ఢీకొట్టకుండా పైకి ఎక్కేస్తుంది. ఆ పొద్దు మరో రెండుసార్లు పడ్డాను. ఎనిమిదింటికి ముంజేతులు బిగుసుకుపోయి క్లచ్ నొక్కలేని స్థితికి వచ్చాక ఇంటిదారి పట్టాం.

మరుసటి ఆదివారం ఏట్లో గంటసేపు సాధన చేసి, అటు నుంచి అటే జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల దారి చూద్దామని పోయాను. గండికోటకు వచ్చేవాళ్ళు లోయ చూసి మురిసిపోతారు, ఆ గోడల రాయి వేరు. మా నాపరాయి సున్నపురాయి జాతి, పలకలు పలకలుగా లేస్తుంది. పనికిరాని ముక్కలన్నీ దారి మీదికి వస్తాయి, అంచులు ఉలి పెట్టి చెక్కినట్టుంటాయి. దిగుడులో ముందు బ్రేకు వేస్తే, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కొట్టుకొని, బండి నేననుకున్న చోట ఆగలేదు. అప్పుడే మోడ్ మార్చడం గుర్తొచ్చింది. ఈ బండికి రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడున్నాయి. ఆఫ్‌రోడ్‌లో ఏబీఎస్ జోక్యం తగ్గుతుంది, ర్యాలీలో పూర్తిగా ఆగిపోతుంది. నేను ఆఫ్‌రోడ్‌లో పెట్టుకొని వెనక బ్రేకుతో దిగడం మొదలుపెట్టాను, బాగుంది.

కానీ అసలు సంగతి మరిచిపోయాను. ఇసుక కోసం తీసిన గాలి మళ్ళీ నింపలేదు. ఒక పలక అంచు మీదికి ఎక్కగానే రిమ్ము ఠంగుమంది. వంద మీటర్లకే హ్యాండిలు బరువెక్కింది. మూడు కిలోమీటర్లు నెట్టుకుంటూ రోడ్డు పక్క పంక్చరు అంగడికి చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది.

అంగడి పెద్దాయన ట్యూబు లాగి, గాలి పట్టి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. వేలెడు దూరంలో రెండు చోట్ల బుడగలు లేచాయి. "చూడు నాయనా, పాము కరిచినట్టు రెండు గాట్లు. ఇది ముల్లు పని కాదు. రాయికీ రిమ్ముకీ నడుమ ట్యూబు నలిగింది. గాలి లేకుండా రాళ్ళలోకి ఎందుకు పోయినావు?" అన్నాడు. కొత్త ట్యూబు వేద్దామంటే 21 అంగుళాలది ఆయన దగ్గర లేదు. రెండు గాట్లనూ గీకి, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊదుతూ కూర్చొని, వెడల్పాటి ప్యాచ్ ఒకటే రెంటినీ కప్పేలా వేశాడు. బిగించే ముందు టైరు లోపలంతా చేత్తో తడిమి, ఇరుక్కున్న చిన్న రాతిపెళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. ఇప్పుడు బ్యాగులో 90/90-21 ట్యూబు, రెండు టైరు లీవర్లు, చేతి పంపు లేకుండా ఊరు దాటను. ఆ ట్యూబును అవసరానికి మడత పెట్టి వెనక చక్రంలో వేసుకొని కూడా ఇల్లు చేరొచ్చని ఆయనే చెప్పాడు.

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. తెల్లారి బుడ్డశనగ చేల మధ్య బండ్లబాటలోకి పోయాను. నల్లరేగడి సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు, తడిసిన రేగడి ముందు ఏ బండైనా ఒకటే. ముందు మడ్‌గార్డు ఎత్తులో ఉంది కాబట్టి స్ప్లెండర్‌లాగా చక్రం పట్టేయలేదు, పుల్లతో మట్టి పొడిచే పని తప్పింది. టైర్ల గాడులు మాత్రం మట్టితో నిండిపోయి నున్నటి గొట్టాల్లా తయారయ్యాయి. వెనక్కి తిప్పుకొచ్చేశాను.

మైలేజీ నాకు లీటరుకు 38 దాకా వస్తోంది. స్ప్లెండర్‌తో పోలిస్తే పెట్రోలు ఖర్చు బాగా పెరిగింది, ఈఎంఐ ఎట్లాగూ ఉంది. మిట్టమధ్యాహ్నం ఊర్లో ట్రాఫిక్‌లో ఇంజను వేడి పిక్కలకు తగులుతుంది. పొద్దున పూట అదేమీ తెలియదు.

మే చివరి వారంలో ముద్దనూరు తోటలో పని పడింది. వంక దగ్గర ఆగి, ముందు నడిచి దాటి చూశాను. ఇసుక ఎక్కడ మెత్తగా ఉందో, అవతలి గట్టులో ఏ రాయి కదులుతుందో కాలితో తన్ని చూసుకొని వచ్చాను. గాలి తీశాను. నిలబడి, రెండో గేరులో, అవతలి గట్టు మీది వేపచెట్టును చూస్తూ దిగాను. ఇసుక మధ్యలో బండి ఊగింది, వదిలేశాను, సర్దుకుంది. గట్టు మొదట్లో మొదటి గేరుకు మారి, గుండె ట్యాంకు మీదికి వంచి ఎక్కించాను. రెండు రాళ్ళు వెనక్కి దొర్లిన చప్పుడు వినబడింది. పైకి చేరాక పంపు తీసి గాలి నింపాను, ఈసారి మరిచిపోలేదు.

రైతు బోరు దగ్గర ఉన్నాడు. మోటారు హోరులో నేను వచ్చింది వినలేదు.

"రా నాయనా. బండి తుమ్మచెట్టు కిందనే పెట్టినావా?"

నేను పక్కకు జరిగి చూపించాను. చీనీ చెట్టు నీడలో బండి నిలబడి ఉంది, స్పోకుల్లోంచి ఇంకా సన్నగా ఇసుక రాలుతోంది. ఆయన దగ్గరికి పోయి చుట్టూ తిరిగాడు, సీటు మీద చెయ్యి వేసి కిందికి అదిమి చూశాడు. సాయంత్రం ముద్దనూరు దాకా తననూ దింపమన్నాడు. వెనక మనిషిని పెట్టుకొని వంక దాటడం నేనింకా నేర్చుకోలేదు, ఆ మాటే చెప్పాను. సరేనని వంక ఆయన నడిచి దాటాడు. ఇవతలి గట్టున తుమ్మచెట్టు దగ్గర ఎక్కించుకున్నాను.