చుక్క చూసి జాతి చెప్పొద్దు

అమెరికాలో గుర్రపు సాలల్లో పనికి చేరిన మనవాళ్ళకు త్వరగా తగిలే మందలింపు ఒకటుంది. ఒంటి మీద తెల్లమచ్చ కనబడిన ప్రతి గుర్రాన్నీ "పెయింట్" అన్నామంటే సాల పెద్ద చిరాకుపడి, "అది అప్పలూసా, సరిగ్గా చూడు" అంటాడు. రెండూ అమెరికా గుర్రపు జాతులే: పెయింట్‌కు పెద్ద తెల్లపట్టలు, అప్పలూసాకు చుక్కలు. ఏం చూడాలో మాత్రం చెప్పడు. మన పాత సైసులైతే కొత్తవాణ్ణి గుర్రం పక్కన నిలబెట్టి, మూతి పట్టి చూపించి మరీ నేర్పుతారు. తెలియదని కసురుకోవడం తేలికే. ఇక్కడివాళ్ళలోనూ చాలామంది మచ్చలున్నదాన్నల్లా పెయింట్ అనేవాళ్ళే. అయినా ఆ మందలింపులో పస ఉంది. పేరు తప్పితే చాకిరీ తప్పుదారి పడుతుంది.

ముందు రెండు కుదుళ్ళను వేరు చేసుకోవాలి. పెద్ద పెద్ద తెల్లపట్టలు ఉండేవి ఒక కుదురు, చుక్కలుండేవి ఇంకో కుదురు. పట్టలున్న గుర్రం ఏ జాతిదైనా పిన్టోయే, మనం పంచకల్యాణి అన్నట్టు అది మచ్చల తీరుకు పేరు. పెయింట్ మాత్రం వంశం: తల్లిదండ్రులు పెయింట్, క్వార్టర్ హార్స్, థరోబ్రెడ్ జాతుల రక్తంలోవాళ్ళై ఉండాలి. పట్టల్లో టోబియానో అనే తీరైతే తెలుపు వీపు దాటి అటువైపు దిగుతుంది, కాళ్ళు తెల్లగా ఉంటాయి, అంచులు గుండ్రంగా ఉంటాయి. ఫ్రేమ్ ఓవెరో అనే తీరులో తెలుపు డొక్కల్లోనే ఉండి వీపు దాటదు, కాళ్ళు ముదురు రంగు, ముఖం వెడల్పుగా తెలుపు. రెండు ఫ్రేమ్‌లను జత కడితే నాలుగింట ఒక పిల్ల పేగుల్లో నరాలు లేకుండా తెల్లగా పుట్టి, రోజుల్లోనే చనిపోయే ప్రమాదముంది. అందుకే జత కట్టేముందు వెంట్రుకల కుదుళ్ళు పంపి పరీక్ష చేయిస్తారు.

చుక్కల కుదురులో అసలు పని ఉంది. ఇక్కడ వెంట్రుకలు మోసం చేస్తాయి, చర్మం చెయ్యదు. మూతి చుట్టూ, తోక కింద చూడండి: గులాబి చర్మం మీద నల్ల చుక్కలు చల్లినట్టు కలగలిసి ఉంటే చుక్కలు తెచ్చే లెపర్డ్ జన్యువు ఉన్నట్టే అనుకోవచ్చు. నల్లగుడ్డు చుట్టూ తెలుపు మనిషి కంటిలా కనబడుతుంది. డెక్కల మీద నిలువు చారలుంటాయి. అయితే ఒక్క గుర్తుతో తేల్చెయ్యకూడదు. ముఖమంతా తెల్లగా ఉన్న ఏ గుర్రానికైనా కన్ను అలా కనబడొచ్చు, తెల్లకాలి మీద నల్ల చుక్కలుంటే ఆ డెక్కకు చారలొస్తాయి. రెండు మూడు గుర్తులు కలవాలి.

బూడిదరంగు గుర్రం మీది వలయాల్లాంటి ఛాయల్ని చుక్కలనుకోవడం మామూలు. కడిగేటప్పుడు చూస్తే తెలిసిపోతుంది. బూడిద గుర్రానికి తడిసిన చర్మం దాదాపు ఒంటినిండా నలుపే. లెపర్డ్ గుర్రానికి తెలుపు కింద గులాబి చర్మం, చుక్క కింద నల్ల చర్మం ఉంటాయి, ఆ నలుపు చాలాసార్లు వెంట్రుకల అంచు దాటి నీలపు నీడలా కనబడుతుంది. ఇంకో మోసం వార్నిష్ రోన్, అదీ లెపర్డ్ జన్యువు తెచ్చే రంగే. మామూలు రోన్‌కు తల, కాళ్ళు ముదురుగా ఉండి ఒంట్లో తెల్లవెంట్రుకలు కలుస్తాయి. వార్నిష్‌కు ఎముక తేలిన చోట్లు, అంటే ముఖపు గట్లు, మోకాళ్ళు, తుంటి, ముదురుగా మిగులుతాయి, తక్కిందంతా ఏడాదికేడాది వెలుస్తుంది.

ఈ జన్యువు ఉందని తెలిస్తే జాతి తెలిసినట్టు కాదు. జాతులన్నిటికంటే అది పాతది. మచ్చిక కాకముందు బతికిన గుర్రాల ఎముకల్లోనే ఇది ఉందని 2011లో తేల్చారు. అందుకని ఆ తరువాత ఎత్తూ ఒళ్ళూ చూడాలి. 46 నుంచి 56 అంగుళాల మధ్య ఉండి, చిన్న అరబ్బీ తల, కండపట్టిన ఒళ్ళు ఉంటే పోనీ ఆఫ్ ది అమెరికాస్ అయ్యుండొచ్చు. 1954లో ఐయోవాలో మొదలైన జాతి అది. అంతకంటే ఎత్తై, జూలూ తోకా పలచగా ఉంటే అప్పలూసా వైపు మొగ్గండి. అది అమెరికా ఆదివాసులైన నెజ్ పెర్స్ జనం పెంచిన గుర్రాల వంశం, దాని క్లబ్బు 1938లో పుట్టింది. అదే చుక్కలు, బలమైన మెడ, నిండైన జూలు కనబడితే డెన్మార్క్ నాబ్‌స్ట్రప్పర్ అని అడిగి చూడండి. దాని మూలం 1812 నాటి ఒక చుక్కల ఆడగుర్రం. బండిలాగే బరువు శరీరం, కాళ్ళకు దట్టమైన వెంట్రుకలు ఉంటే ఆస్ట్రియా నోరికర్.

ఇక పేరు తప్పితే చాకిరీ ఎలా తప్పుదారి పడుతుందంటే: తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ లెపర్డ్ జన్యువు రెండు ప్రతులొచ్చిన గుర్రం చుక్కలు బాగా తక్కువై, దాదాపు తెల్లగా ఉంటుంది, లేదా పిరుదులు మాత్రమే చుక్కల్లేకుండా తెల్లగా ఉంటాయి. దానికి పుట్టుకతోనే రేచీకటి. రంగుకు కారణమైన టీఆర్‌పీఎం1 జన్యువే కంట్లో చీకటిచూపుకూ కావాలి. సాయంత్రం గుర్రాలను ఎక్కించే చీకటి ట్రైలరు ముందు కాళ్ళు బిగించి నిలబడితే మొండిది అని లాగుతారు. అది కళ్ళు కనబడక నిలబడింది. ట్రైలరులో దీపం వెయ్యండి, పక్కకు వెళ్ళేముందు మాట్లాడండి, పొద్దుగుంకాక కొత్త మైదానంలో వదలొద్దు. అప్పలూసాలకు కన్ను వాచే జబ్బు కూడా ఎక్కువ. కన్ను చికిలిస్తే, నీరు కారితే, ఆ పూటే డాక్టరుకు చెప్పాలి.

కొన్ని గుర్రాలను చూపుతో ఎవరూ తేల్చలేరు. కొలరాడో రేంజర్ అనే జాతికి చుక్కలే అక్కర్లేదు, వంశంలో ప్యాచెస్ నంబర్ 1 లేదా మ్యాక్స్ నంబర్ 2 అనే మగగుర్రం ఉండాలి. పిల్ల ఒకే రంగులో పుట్టి, ఏళ్ళు గడిచాక చుక్కలు వేసుకోవడమూ ఉంది. అలాంటప్పుడు ఊహించి చెప్పకండి. ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, అది అడిగే హక్కు సైసుకుంది.